గ్యారేజీలో నానుతున్న రాళ్ళు

“ఆ పెట్టె తెరవకే ట్రూడీ, లోపల ఏదో చచ్చి ఉంటుంది, రోగాలొస్తాయి” అన్నాను, మా అమ్మాయి ఇంకా కత్తెర అందుకోకముందే.

“చచ్చే ఉంటాయమ్మా. అందుకేగా ముందు గ్యారేజీలో పెడుతున్నది.”

తన చేపతొట్టిలో పెట్టుకోవడానికి తెప్పించుకున్న, తడి కాగితాల్లో చుట్టి పంపిన సముద్రపు రాళ్ళవి. వాటికి పట్టిన నాచూ, స్పాంజీలూ, పురుగులూ దారిలో సగం చస్తాయట. ఆ కుళ్ళు వదిలేదాకా వేరే తొట్టిలో ఉప్పునీళ్ళు పోసి నానబెట్టాలి, బ్రష్షుతో రుద్దాలి, నీళ్ళు మారుస్తుండాలి. తొందరపడి చేప ఉన్న నీళ్ళలో వేస్తే చేప చస్తుందని చెప్పింది. దానికున్నది ఒక్క చేప, పేరు బిస్కెట్. బడిలో నోరు విప్పని పిల్ల దాని ముందు కూర్చుని గంటలకొద్దీ కబుర్లు చెబుతుంది.

గ్యారేజీ కంపు కొట్టింది. ఆ గాలి పీలిస్తే ఊపిరితిత్తులేమవుతాయోనని రోజూ అంటూనే ఉన్నాను. మా ఆయన వెర్న్ విసిగిపోయాడు. మొబైల్ అనే మా ఊరి రేవులో రొయ్యల పడవ మీదే తల నెరిసిన మనిషి.

“సముద్రంలో రాయి ఉప్పునీళ్ళలో పడితే చచ్చేదేముంది? నాకే సముద్రం నేర్పుతుందా అది? ఇవాళే తీసి చేప తొట్టిలో పెట్టేస్తాను.”

“దాన్నడిగి చెయ్యి వెర్న్. ఏమన్నా అయితే?”

“ఉంచితే ఒక భయం, తీస్తే ఒక భయం. నీతో వేగలేనే తల్లీ!”

ట్రూడీ బడికి వెళ్ళగానే రాళ్ళు మోసుకెళ్ళి దాని గదిలోని చిన్న తొట్టిలో పేర్చాడు. ముచ్చటగానే పేర్చాడు, పాపం. సాయంత్రానికి నీళ్ళు పాలవిరుగుడులా అయ్యాయి. బిస్కెట్ పైకి తేలి, నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. ట్రూడీ బ్యాగు కూడా దించకుండా దాన్ని కొత్త ఉప్పునీళ్ళలోకి మార్చింది. ఆ నీళ్ళలోనే చేప పోయింది.

అప్పట్నుంచి పిల్ల మాతో మాట్లాడలేదు. దాని గది తలుపు దగ్గర చెవి పెట్టి, ఊపిరి వినబడితేనే కదిలేదాన్ని.

ఆదివారం భోజనాల దగ్గర వెర్న్ చెంచా కింద పెట్టాడు. “తిట్టు తల్లీ. గట్టిగా తిట్టు, పడతాను. ఇలా మాత్రం ఉండకు.”

అది కంచం వైపే చూస్తూ కూర్చుంది. గిన్నెలో రొయ్యలు చల్లారిపోయాయి. నేనేదో అనబోతే వెర్న్ చెయ్యెత్తి ఆపాడు.

ట్రూడీ కంచం పక్కకి జరిపింది.

“తిట్టేదేం లేదు నాన్నా. నా గదికి తాళం వేసుకుంటాను.”