గొట్టంలో పోపు

నేను ఒక టీ జల్లెడను. ఒళ్ళంతా చిల్లులే అయినా, ఆసుపత్రి వార్డులో నాకు దక్కిన పరువు పెద్ద డాక్టరుగారి స్టెతస్కోపుకి కూడా లేదని సవినయంగా మనవి చేస్తున్నాను.

నా పుట్టుక ఏదో స్టీలు కార్ఖానాలో. పాత బట్టలకు సామాన్లిచ్చే ఆసామి గంపలో ఊరూరా తిరిగి, చివరికి నర్సు ఎస్తేరమ్మ గుమ్మం ముందు దిగాను. ఆవిడ రెండు పాత చీరలిచ్చి, గంటసేపు బేరమాడి, గిన్నె మీద కొసరుగా నన్ను లాక్కుంది. కొసరుగా వచ్చినదాన్నని నాకు చాలాకాలం చిన్నతనంగానే ఉండేది. ఆవిడ పనిచేసే ఆసుపత్రి డ్యూటీ గదిలో నర్సుల టీ వడకట్టడం నా ఉద్యోగం.

ఆ గది తలుపు పక్కనే ఏడో నంబరు మంచం. దానిమీద గవర్రాజుగారు. పక్షవాతం వచ్చి మాట పడిపోయింది, మింగడం చేతకాదు. ముక్కులోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేశారు. రెండు గంటలకోసారి ఆయన్ని తలవైపు ఎత్తి కూర్చోబెట్టి ఎస్తేరమ్మ దాంట్లో జావ పోసేది. జావ కాచి తెచ్చేది ఆయన భార్య వరహాలమ్మ.

గవర్రాజుగారు నలభై ఏళ్ళ కాపురంలో ఒక్క పూట కూడా వంక పెట్టకుండా అన్నం తినలేదట. అలాంటి మనిషి ఇప్పుడు పల్లెత్తు మాట అనడం లేదు. వరహాలమ్మ బెంగంతా అదే. "ఒక్కసారి తిట్టండి, చాలు" అని ఆయన చెవిలో బతిమాలుకునేది. వంక పెట్టేవాళ్ళు లేక దిగులుపడే జాతిని నేను మనుషుల్లోనే చూశాను.

నాలుగో రోజు గొట్టం మూసుకుపోయింది. నీళ్ళు కూడా దిగలేదు. దాన్ని తీసి మరొకటి వేస్తుంటే పాపం, ఆయన కన్నీళ్ళు ధారలు కట్టాయి. పాత గొట్టాన్ని కడిగితే ముందు ఆవగింజ, దాని వెనక కరివేపాకు ముక్క, ఆ వెనక రెండు జీలకర్ర గింజలు పెళ్ళివారిలా తరలివచ్చాయి.

"ఇదేంటమ్మా?" అంది ఎస్తేరమ్మ.

"పోపండి. పోపెయ్యని జావ ఈయన ముట్టరండి. ఇంటికాడైతే కంచం ఇసిరేసేవోరు."

"గొట్టంలో పోసినదానికి నాలిక్కి రుచెక్కడ తెలుస్తుందమ్మా? ఆయనకి బలం కావాలి."

"నాలిక్కి తెలీదు సరేనండి. ముక్కులోంచేగా ఎల్తంది, వాసన తెలవదేంటండీ?"

ఎస్తేరమ్మ కోపమంతా నామీద చూపించింది. నన్ను మరిగే నీళ్ళలో పడేసి ఏడో మంచం దగ్గరికి బదిలీ చేసింది. ఆ రోజు నుంచి జావ నా ఒంట్లోంచి దిగాకే గొట్టంలోకి వెళ్ళాలి. పోపు మాత్రం చిన్న డబ్బాలో విడిగా రావాలి. జావ పోసే ముందు వరహాలమ్మ ఆ డబ్బా మూత తీసి భర్త ముక్కు కింద పెట్టేది. ఇంగువ వాసనకి వార్డంతా లేచి కూర్చునేది. ఎనిమిదో మంచం ఆయన తనకూ ఆ వాసన పథ్యం రాయమని డాక్టరుని అడిగాడు. నేను లేని టీ తాగి నర్సులు పిప్పి నములుతూ తిరిగారు.

పద్దెనిమిదో రోజు డాక్టరు చూసి, చెంచాతో పెట్టి చూద్దామన్నాడు. పొలమారిందా, మళ్ళీ గొట్టమే. ఎస్తేరమ్మ ఆయన్ని నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కిందికి వంచి, చిక్కటి జావ ఒక్క చెంచా నోట్లో పెట్టింది. హడావుడిలో డబ్బా సంగతి అందరూ మరిచిపోయారు. వరహాలమ్మ ఆయన గొంతు వంకే చూస్తోంది. చిల్లుల్లో జావ ఆరిపోతున్నా నేనూ కదల్లేదు.

గొంతు కదిలింది. దగ్గు రాలేదు. గవర్రాజుగారు మెల్లగా మొహం చిట్లించారు.

"పో... పోపేదే?"

ఎస్తేరమ్మ పగలబడి నవ్వింది. వరహాలమ్మ నేలమీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. నాకైతే కొసరుగా వచ్చానన్న చిన్నతనం ఆ క్షణంతో పోయింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు వరహాలమ్మ నర్సులకు కొత్త జల్లెడ కొనిచ్చి నన్ను తీసుకుపోయింది. ఇప్పుడు ఆవిడ వంటింట్లో మేకుకి వేలాడుతున్నాను. రక్తపోటు కోసం ఉప్పు బాగా తగ్గించమని ఎస్తేరమ్మ కాగితం మీద రాసిచ్చింది. వరహాలమ్మ తు.చ. తప్పకుండా పాటిస్తోంది.

"ఉప్పు లేదు!" అని గవర్రాజుగారు రోజూ కంచం ముందు అరుస్తారు.

ఆవిడకి చెవులు బాగానే వినిపిస్తాయి. అయినా చేతిలో గరిటె ఆపి అడుగుతుంది.

"ఏంటండీ? ఇంకోపాలి అనండి."