ఉప్పు చల్లిన ఐసు

తెల్లారి అయిదింటికల్లా దీప కత్తిపీట ముందు కూర్చోవాలి. పొలుసు గీకాలి, మొప్పలు లాగాలి, పొట్ట చీల్చి పేగులు తీయాలి. మామ బక్కయ్య షామీర్‌పేట చెరువులో వల వేసి తెస్తాడు, అత్త మైసమ్మ మేడ్చల్ అంగడిలో కూర్చుని అమ్ముతుంది. వీళ్లిద్దరి మధ్యా ఉన్న పనంతా ఎవరు చేస్తున్నారని ఆ ఇంట్లో ఎవరూ అడగరు. "నాలుగు శాపలు గీకుడు గుడ ఒక పనేనా?" అంటాడు మొగుడు జైపాల్. అతను జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తాడు. ఎవరెవరి రోగాలకో పోయే మందుల్ని రోజంతా పెట్టెల్లో భద్రంగా సర్దే మనిషి, పెళ్లాం మందు ఇంట్లో ఎక్కడ ఉంటుందో ఒక్కనాడూ చూసిన పాపాన పోలేదు.

పెళ్లయిన ఏడాదికి, పందొమ్మిదో ఏట, దీపకు షుగర్ బయటపడింది. ముసలివాళ్లకు వచ్చేది కాదు, బతికినన్నాళ్లూ పొద్దున ఒక సూది, సాయంత్రం ఒక సూది తప్పనిది. డాక్టరు చెప్పింది విని మైసమ్మ ఆలోచించింది కోడలి గురించి కాదు, పెళ్లికెదిగిన కూతురు భవిత గురించి. "ఎవలకు తెల్వద్దు బిడ్డా. సూదులేసుకునే ఇల్లని పేరు వడితే పిల్లనెవలు జేసుకుంటరు?" అన్నది. అప్పటినుంచి దీప సూది వేసుకోవడం బాత్రూంలోనే, గొళ్లెం లేని తలుపుకు బకెట్ అడ్డం పెట్టి. ఇంట్లో ఫ్రిజ్ లేదు. ఆసుపత్రి నర్సు చెప్పినట్టు చిన్న కుండలో తడి ఇసుక పోసి, అందులో మందు సీసా దించి, బియ్యం డబ్బా వెనక పెట్టుకుంది. దానిమీద రోజూ గ్లాసెడు నీళ్లు చల్లడం కూడా ఆమె పనుల్లో ఒకటి అయిపోయింది.

ఇన్ని ఉన్నా కాలేజీలో దీప దీపే. మేడ్చల్‌లో డిగ్రీ రెండో ఏడు. ల్యాబ్‌లో మిగతా అమ్మాయిలు ముక్కు మూసుకుంటే, దీప చేప తల విప్పి మెదడు నుంచి వచ్చే కపాల నాడులు ఒక్కటి కూడా తెగకుండా తీసి ట్రేలో పరిచింది. జువాలజీ చెప్పే సుచిత్ర మేడం కళ్లజోడు సవరించుకుని చూసి, "ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అని అడిగింది. "ఇంట్ల, మేడం," అన్నది దీప. ఇంట్లో పని అనిపించుకోని పనికి అక్కడ ఇరవైకి ఇరవై మార్కులు పడ్డాయి. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఎందుకో ఏడ్చింది. సంతోషమే అనుకుంది కానీ, పూర్తిగా సంతోషం కాదని ఆమెకూ తెలుసు.

వార్షిక ప్రాక్టికల్స్‌కు ముందు ఆదివారం భవితను చూసుకోవడానికి యాప్రాల్ నుంచి పెళ్లివాళ్లు వచ్చారు. దీప పొద్దుటి నుంచి పొయ్యి దగ్గరే ఉంది. మర్నాడు, సోమవారం నుంచి ఒకటే దాహం. బిందెడు నీళ్లు తాగినా నాలుక పిడచగట్టేది. సూది మానలేదు, తిండి మీరలేదు, అయినా ఒళ్లు పుల్లలా అయిపోయింది. "పరీక్షలని పరేషాన్ అయితున్నవు, గందుకే," అన్నాడు జైపాల్. గురువారం ప్రాక్టికల్స్‌లో, చేతిలో కత్తెర ఉండగానే దీప ల్యాబ్ బల్ల మీదికి ఒరిగిపోయింది.

సుచిత్ర మేడమే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. ప్రాక్టికల్స్ సాయంత్రం దాకా ఉంటాయని దీప బ్యాగులో పెట్టుకున్న సీసాను డాక్టరు వెలుతురుకు పెట్టి చూశాడు. మందులో తెల్లటి పలుకులు తేలుతున్నాయి. "ఇది గడ్డకట్టి కరిగిన మందు. ఇందులో ఇక సత్తువ లేదు. నాలుగు రోజులుగా నువ్వు ఎక్కించుకున్నది నీళ్లతో సమానం," అన్నాడు. దీప సీసా తీసుకుని మూత దగ్గర వాసన చూసింది. చేపల వాసన. అంతా అర్థమైంది.

చేపలు చెడకుండా మైసమ్మ థర్మకోల్ డబ్బాలో ఐసు పోసి, దాని మీద దోసెడు దొడ్డుప్పు చల్లుతుంది. ఉప్పు పడితే ఐసు ఇంకా చల్లబడి, అడుగున ఉన్న చేప రాయవుతుంది. అది ఆమె వృత్తి రహస్యం. చుట్టాల కంట పడకుండా ఆ ఆదివారం సీసాను ఆ డబ్బాలోనే దాచి, వాళ్లు వెళ్లాక తిరిగి కుండలో పెట్టేసింది.

మూడు రోజుల తర్వాత దీప ఇంటికొచ్చి అడిగితే మైసమ్మ దాచలేదు. "సల్లగుండాలంటివి గద బిడ్డా. గందులకన్న సల్లటి జాగ ఇంకేడున్నది? మంచిగుంటదనే వెట్టిన," అన్నది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. అబద్ధం కాదు. అందుకే దీపకు కోపం తెచ్చుకోవడానికి కూడా చోటు లేకపోయింది. ఆ డబ్బాలోకి పోయేవన్నీ చచ్చాకనే పోతాయి అత్తమ్మా అని అనబోయి, మింగేసింది.

జైపాల్ మాత్రం తీర్పు సిద్ధం చేసుకునే ఉన్నాడు. "గీ సదువుతోటే నీకింత వచ్చింది. ఇగ బంద్ జెయ్. ఇంట్ల పడి ఉంటే పానమన్న ఉంటది."

"కొత్త మందు ఇంట్ల లేదు," అన్నది దీప. "మేడంను అడిగి ల్యాబ్ ఫ్రిజ్‌ల వెట్టిన. పొద్దున, సాయంత్రం ఆడనే సూది."

"తెచ్చి ఇంట్ల వెట్టుకో."

"తెస్త. కానీ ఇగ దాయ. సూది గడప మీద కూసొనే ఏసుకుంట. సుట్టాలొచ్చినా సరే."

బక్కయ్య వల మరమ్మతు చేస్తున్నవాడు తల ఎత్తలేదు. చివరికి మైసమ్మే కొడుకు వైపు తిరిగింది. యాప్రాల్ వాళ్లు ఇంకా జవాబు చెప్పలేదు.

"పోనియ్ రా. మందు ఆడుంటెనే నయం, ఎవల కంట వడది."

జైపాల్ చొక్కా తగిలించుకుని బయటికి వెళ్లాడు. అంటే సరేనని అర్థం.

మర్నాడు అయిదింటికి దీప ఎప్పటిలాగే చేపలు గీకింది. స్నానం చేసింది. ఏడున్నర బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఆకలి మండిపోతోంది, కానీ సూది పడేదాకా ముద్ద ముట్టకూడదు. నా ప్రాణం కోసం కాదు, వాళ్ల గుట్టు కోసం పంపుతున్నారు అనుకుంది. అనుకుని, టిఫిన్ డబ్బా ఒళ్లో సర్దుకుని, పుస్తకం తెరిచింది. పంపనీ.