విరగని మొదటి అట్టు

చనిపోయినప్పటినుంచి భాస్కరం రోజూ పొద్దున్నే వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి, ఆ రోజు మొదటి అట్టు తిని వెళ్తున్నాడు.

బతికున్నప్పుడూ అదే అలవాటు. భార్య మాణిక్యాంబ చేతిలో మొదటి అట్టు ఏనాడూ సవ్యంగా వచ్చిన పాపాన పోలేదు. సగం అట్లకాడకి వస్తే సగం పెనానికే ఉండిపోయేది. "విరిగింది నాది" అంటూ ఆయన నిలబడే అరచేతిలో వేయించుకుని, ఊదుకుంటూ తిని ఫ్యాక్టరీకి వెళ్ళిపోయేవాడు. కాపురానికి వచ్చిన కొత్తలో అది ఎగతాళి అనుకుని ఆవిడ ఏడ్చింది. ప్రేమ అని తెలిశాక ఇక బాగా వెయ్యడం నేర్చుకోనేలేదు.

మొన్న వేసవిలో గుండె ఆగి పోయాడు. పెద్దకర్మ అయిన మర్నాడు వచ్చి మామూలుగానే గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. మాణిక్యాంబ అట్టు ముక్కలు చేతిలో పెట్టింది. పోయినవాళ్ళ చేతికి బాగున్నవి ఆనవు, విరిగినవే ఆనుతాయి. అదీ వాటంతట అవి విరగాలి, కావాలని విరిచినవి పనికిరావు. సామర్లకోటలో ఇది తెలియనివాళ్ళు లేరు. పక్క వాటాలో వెంకాయమ్మగారు వాళ్ళాయనకి చెవి ఊడిన కప్పులోనే కాఫీ పోస్తుంది.

చిక్కంతా కూతురు హిమజ పురిటికి వచ్చాక మొదలవుతుంది. వస్తూ వస్తూ తెల్లటి పింగాణీ పూత పెనం ఒకటి తెస్తుంది.

"ఆ నల్ల పెనం పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతందమ్మా. ఆ పెచ్చులన్నీ మన కడుపులోకే కదా వెళ్ళేది. దీన్లో విషం ఏమీ ఉండదంట. నా కోసం కాదు, లోపలున్నదాని కోసం."

లోపలున్నదాని కోసం అన్నాక ఏ తల్లి కాదంటుంది? మాణిక్యాంబ పాత పెనాన్ని ఆఖరిసారి తోముతుంది. తోముతుంటే అది బెల్లం అచ్చులా కరిగి, నల్లటి నీళ్ళై సింకులోంచి వెళ్ళిపోతుంది. చేతిలో పీచు మాత్రం మిగులుతుంది.

మర్నాడు కొత్త పెనానికి పసుపు రాసి బొట్టు పెట్టబోయి ఆగుతుంది. "నువ్వు పెట్టవే" అంటుంది కూతురితో.

"నువ్వే పెట్టు. పెనానికి అవేం పట్టింపులుంటాయి?"

పెడుతుంది. పసుపూ కుంకుమా రెండూ నిలవక జారి పొయ్యి గట్టు మీద పడతాయి. ఉల్లిపాయ చెక్కతో రుద్ది, సన్నటి సెగ మీద అట్టు వేస్తుంది. అట్టు అంచులు తనంతట తనే లేపుకుని, గుండ్రంగా, ఎక్కడా ఒక్క చిరుగన్నది లేకుండా పళ్ళెంలోకి జారి వస్తుంది. ఇన్నేళ్ళ సంసారంలో మొదటిసారి మొదటి అట్టు కుదిరింది. మాణిక్యాంబ గుమ్మం వైపు చూస్తుంది.

భాస్కరం అలవాటుగా చెయ్యి చాపుతాడు. అట్టు ఆయన అరచేతిలోంచి కిందికి దిగి నేల మీద పడుతుంది.

"ఇది నాది కాదు మాణిక్యం. విరగలేదు కదా."

ఆవిడ దాన్ని చేత్తో చింపుతుంది. చిరిగిన అంచులు దగ్గరికి జరిగి అతుక్కుంటాయి. కత్తెరతో కోస్తే కత్తెర వెనకాలే అతుక్కుంటూ వస్తుంది.

హిమజ చూసి, "విషం లేదు కదమ్మా, గాయం నిలవదు" అంటుంది.

మాణిక్యాంబ వెంకాయమ్మగారి పెనం అరువు తెచ్చి చూస్తుంది. దాని మీద అట్టు చక్కగా విరుగుతుంది గానీ, ఆ ముక్కల్ని వెంకాయమ్మగారి భర్త వచ్చి తినేస్తాడు. మర్యాదగా చెయ్యి కడుక్కుని మరీ వెళ్తాడు. ఎవరి పెనం మీది అట్టు వాళ్ళింటి మనిషికే చెందుతుందాయె.

భాస్కరం పలచబడిపోతున్నాడు. ఆయన చొక్కాలోంచి వెనకున్న గోడ గడియారం కనిపిస్తోంది. బతికున్న రోజుల్లో ఒక్కనాడూ నోరు తెరిచి అడగని మనిషి, "ఆకలేస్తంది మాణిక్యం" అంటున్నాడు. ఇలాగే ఉంటే రేపో ఎల్లుండో ఆ గుమ్మం కూడా ఆయన్ని ఆపలేదు. ఒకసారి పోగొట్టుకున్న మనిషిని మళ్ళీ పోగొట్టుకోవడం తన వల్ల కాదని మాణిక్యాంబ పప్పు డబ్బాల ముందు కూర్చుని ఏడుస్తుంది.

"అట్టు విరగదమ్మా" అంటుంది హిమజ, తల్లి జుట్టు సవరిస్తూ. "నాన్నే అతుక్కోవాలి. అతికిన చేతికి అతికిన అట్టు ఆనుతుంది."

భాస్కరం ఎడమచేతికి చిటికెన వేలు లేదు. హిమజ పుట్టిన ఏడాది మిషన్లో పోయింది. మాణిక్యాంబ ఆ చేతిని మెల్లిగా గోరువెచ్చటి పెనం మీద పెడుతుంది. తీసేసరికి చిటికెన వేలు వచ్చి ఉంటుంది, గోరుతో సహా. ఈసారి నిండు అట్టు అరచేతిలో నిలబడుతుంది.

"ఎంత బావుందే! మంచి అట్టు ఇలా ఉంటుందని ఇన్నాళ్ళూ తెలీదు నాకు."

నవ్వుతున్నాడు. జుట్టు నల్లబడింది. ఆవిడకి ప్రాణం లేచి వచ్చినట్టవుతుంది. అంతలో ఆయన హిమజ వైపు తిరిగి, "ఈ అమ్మాయి ఎవరు?" అంటాడు.

వేలు పోయాక జరిగినవన్నీ ఆ వేలు లేని చోటే దాచుకున్నాడు కాబోలు. వేలు వచ్చేసరికి వాటికి చోటు లేకపోయింది.

"చుట్టాలమ్మాయండి" అంటుంది మాణిక్యాంబ. హిమజ పొట్ట పట్టుకుని మెల్లిగా పక్కగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంటుంది.

ఇంకో అట్టు తింటే ఇంకొన్నేళ్ళు వెనక్కి పోతాడు. ఇప్పుడు కావాలంటే ఆపొచ్చు, పొయ్యి కట్టేస్తే చాలు. కనీసం తననైనా గుర్తుంచుకుని ఆకలితో నిలబడి ఉంటాడు. కానీ ఆయన చెయ్యి ఇంకా చాపే ఉంది, ఎన్నాళ్ళ ఆకలో మరి. చాపిన చేతికి లేదనడం మాణిక్యాంబకి చేతకాదు. మళ్ళీ గరిటె ముంచుతుంది.

అది తిన్నాక ఆయనకి సన్నటి మీసం వస్తుంది, వేళ్ళ మీది కాయలు పోతాయి. "ఏమనుకోకండి పిన్నిగారూ, ఇంకోటి వేస్తారా?" అంటాడు మొహమాటంగా.

పిన్నిగారు వేస్తుంది. కళ్ళు కనబడక చేత్తో తడుముకుంటూ వేస్తుంది. అట్టు మాత్రం గుండ్రంగానే వస్తుంది.

తర్వాతి అట్టుకి మీసం పోతుంది. ఆ తర్వాతిదానికి చొక్కా మోకాళ్ళ కిందికి దిగుతుంది. గట్టు అందక మడమలు ఎత్తి, "బెల్లం ఏస్తావా?" అంటాడు. ఆవిడ బెల్లం తురిమి వేసి, చుట్ట చుట్టి, ఊదిమరీ నోట్లో పెడుతుంది. మూతి తన కొంగుతో తుడుస్తుంది.

వీధి తలుపు దగ్గర ఒకామె నిలబడి ఉంది. నేత చీర, చేతిలో గుడ్డసంచి. అత్తగారిని మాణిక్యాంబ ఎప్పుడూ చూడలేదు, పెళ్ళికి ముందే పోయింది, ఫొటో కూడా లేదు. అయినా ఆ ముక్కు చూసి పోల్చుకుంటుంది.

"మావోడు అల్లరి చేసేడా అమ్మాయ్?"

"లేదండి."

"ఏమన్నా పెట్టేవా?"

"పెట్టేనండి. కడుపునిండా తిన్నాడు."

ఆమె పిల్లాణ్ణి చంకనెత్తుకుని, జారిపోతున్న చొక్కాని వాడి చుట్టూ కప్పుతుంది. "ఇంతసేపూ కనిపెట్టుకుని ఉన్నావు. శ్రమ ఇచ్చేం నీకు."

మాణిక్యాంబ ఆ చొక్కా వంక చూస్తుంది. ఎన్ని పొద్దుటిపూటలు, ఎన్ని తగువులు, ఒక ఆడపిల్ల, ఒక కాపురం. చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

"ఎంతోసేపు కాలేదండి" అంటుంది.

"ఉంటాం మరి."

పిల్లాడు తల్లి భుజం మీద తల వాల్చి అప్పటికే నిద్రపోతున్నాడు. మాణిక్యాంబ బాల్కనీలోకి వెళ్ళి చూస్తుంది. కింద బస్సు ఆగి ఉంది. బస్సు నిండా తల్లులే. ఒక్కొక్కరి ఒళ్ళో ఒక్కొక్క పిల్లాడు, అందరూ పెద్దవాళ్ళ చొక్కాల్లోనే ఉన్నారు. అత్తగారు ఎక్కగానే లోపలివాళ్ళు జరిగి చోటిస్తారు.

బస్సు కదులుతుంది. కిటికీల్లోంచి ఖాళీ చొక్కా చేతులు బయటికి వేలాడి గాలికి ఊగుతుంటాయి. వాటిలో ఒకటి భాస్కరానిది. ఏదన్నది మాణిక్యాంబకి తెలియదు. అన్నిటికీ చెయ్యి ఊపుతుంది.