నేల లేచే నడక

కృష్ణపట్నం రోడ్డుకింకా తారు పడని రోజులవి. ఎలిశబెతు తెల్లారకముందే గంప తీసుకుని ఉప్పుమడులకు పోయేది. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా ఆ మడులు వెన్నెల ఆరబోసినట్టుండేవి. మోసేవాళ్లకు మాత్రం ఆ వెన్నెల బరువే. మడికీ మడికీ మధ్య పాదం వెడల్పు గట్టుమీద నడవాలి. తలమీద గంపుంటే కిందికి చూడకూడదు. చూస్తే గంప పోతుంది, దానితోపాటు మనిషీ పోతుంది. దారిని పాదాలే చూసుకోవాలి.

ఇన్నేళ్లు మోసి మోసి, ఆమె ఎక్కడ అడుగేసినా నేల జానెడు లేచి అరికాలికి అందేది. కాలు తీసిన కాసేపటికి, నిట్టూర్చినట్టు మెల్లగా దిగిపోయేది. ఇంట్లో అలికిన నేల పగుళ్లిస్తే మళ్లీ అలుక్కునేది. ప్రార్థనకు పోతే చాపలు లేస్తాయని చివర కూర్చునేది.

భర్త హెబ్రోను ఉప్పుకుప్పలకు కాపలా. రోడ్డంతా తనదేనన్నట్టు చేతులూపుకుంటూ ఆమె ముందు నడిచేవాడు.

"ఇంత బాటుంటే కొంగలా ఆ నడకేందే?" అని నవ్వేవాడు. ఆమె పాదం ముందు పాదం పెట్టుకుంటూ వెనకే వచ్చేది.

ఆ ఏడు కృత్తిక కార్తెలో తుఫాను పట్టింది. సముద్రం మడుల్లోకి వచ్చేసింది. కూలీలంతా దిబ్బెక్కినారు. హెబ్రోను ఒక్కడే కుప్పల దగ్గర గుడిసెకప్పు మీద చిక్కుకున్నాడు. ఆ గాలికి పడవ తీసేవాళ్లు లేరు. జతగా ఉప్పు మోసే పిచ్చమ్మ, నీళ్లకేసి కదిలిన ఎలిశబెతు చెయ్యి పట్టుకుంది.

"పోబాకక్కా, గట్టు కనపడదు."

"ఎప్పుడు కనపడిందిలే," అంది ఎలిశబెతు.

గంప కింద పెట్టుకునే చుట్టగుడ్డ తలమీద సర్దుకుని నీళ్లలోకి నడిచింది. అడుగడుక్కీ నేల లేచింది, జానెడు కాదు, నిలువెత్తు. నీళ్లు ఆమె చీలమండలు దాటలేదు.

తిరిగొచ్చేటప్పుడు హెబ్రోను కాళ్లకేసి చూసుకుంటూ నడిచి, జారి, ఆమె కొంగు పట్టుకున్నాడు.

"కిందికి చూడబాకయ్యా. నా చుట్టగుడ్డను చూస్తా, నేను పెట్టినకాడ పెట్టు."

పెళ్లయినాక మొదటిసారి అతను ఆమె వెనక నడిచినాడు.

దిబ్బ చేరేసరికి మునిమాపు. ఎలిశబెతు గట్టి మట్టిమీద కాలేసింది. నేల లేవలేదు. లేని మెట్టుమీద కాలేసినట్టు తూలింది. ఇంకో అడుగూ అంతే. ఆమెకోసం లేవాల్సిన నేలంతా నీళ్లలోనే అయిపోయింది.

హెబ్రోను నవ్వలేదు. ఆమె ముందుకొచ్చి, చేతులూపకుండా, పాదం ముందు పాదం పెట్టినాడు.

"భుజం పట్టుకో," అన్నాడు. "నేను పెట్టినకాడ పెట్టు."

ఆమె చెయ్యేసింది. తన కాళ్లు ఇన్నేళ్లుగా ఎంత నొప్పి పుడుతున్నాయో అప్పుడు తెలిసింది.