హైమవతి ఆది జాకెట్టు

నేను ఒక ఆది జాకెట్టుని. అంటే, కొత్త జాకెట్టు కుట్టడానికి కొలత కోసం ఇచ్చే పాత జాకెట్టుని. నన్ను ఎవరూ తొడుక్కోక ఏళ్లయినా, మొన్నటిదాకా నా మాటే చెల్లేది. మనుషుల చిత్రం చూడండి, ఎదుట ఉన్న ఒంటిని నమ్మరు, పాత గుడ్డను నమ్ముతారు.

హైమవతికి పెళ్లయిన కొత్తలో తెనాలిలో రమీజా నన్ను కుట్టింది. నెమలికంఠం రంగు. నన్ను వేసుకుంటే హైమవతి అద్దం ముందు నుంచి కదిలేది కాదు. తర్వాత కూతురు పుట్టింది, థైరాయిడ్ వచ్చింది, ఒళ్లు వచ్చింది. నేను మాత్రం అలాగే ఉండిపోయాను. అందులో నా గొప్పేముంది, బీరువాలో పడి ఉన్నాను.

"ఒకసారి కొలతలు తీసుకుంటానక్కా, ఈ ఆది మీకు చాలదు," అనేది రమీజా ప్రతిసారీ.

"తగ్గిపోతానుగా! దీని ప్రకారమే కుట్టెయ్."

కుట్టినవన్నీ బిగుతే. సాయంత్రం విప్పితే చంకల కింద ఎర్రటి వాతలు. మెట్లెక్కితే ఆయాసం. పొద్దున టిఫిన్ మానేసి ఒకరోజు కళ్లు తిరిగి పడిపోయింది. మందులు వేళకు వేసుకోమని, తిండి మానొద్దని డాక్టరు చెప్పినా వినలేదు. తన ఒంటినే తిట్టుకునేది గాని, నన్ను ఒక్క మాటా అనలేదు. నాకే విసుగొచ్చింది. నన్ను చింపి పారెయ్యి తల్లీ అని అరవాలనిపించేది.

కూతురు స్ఫూర్తి తొమ్మిదో తరగతి. తల్లిలాగే బొద్దుగా ఉంటుంది. స్కూల్లో ఏదో వేడుకకు చీర కట్టుకోవాలని నన్ను తీసి తొడుక్కుంది. ఊపిరి బిగబట్టినా హుక్కులు అందలేదు. మర్నాడు పొద్దున ఇడ్లీ ప్లేటు పక్కకు జరిపేసింది.

"నాకొద్దమ్మా. ముందు నేను ఆ జాకెట్లో పట్టాలి."

హైమవతి మొహం పాలిపోయింది. ఆ పిల్లకు ఇది ఎవరు నేర్పారో ఆమెకు తెలుసు. లోపలికెళ్లి కత్తెర తెచ్చి, నన్ను నడివీపున నిలువునా కోసింది. కోస్తూ ఏడ్చింది.

"జాకెట్టు మనకు పట్టాలి గాని, మనం జాకెట్టుకు పట్టడమేంటే! తిను. నేనూ తింటా."

ఆ సాయంత్రం తల్లీకూతుళ్లిద్దరూ రమీజా ముందు చేతులెత్తి నిలబడ్డారు. టేపు చుట్టేటప్పుడు హైమవతి కళ్లు మూసుకుంది.

"కాస్త వదులుగానే ఉంచు రమీజా," అంది.

వెంట తెచ్చిన నన్ను హైమవతి అక్కడే వదిలేసింది. రమీజా నా హుక్కులు ఊడదీసి దాచుకుంది. నాతో మిషను తుడుస్తోంది. ఒళ్లంతా నూనె వాసన. ఇప్పుడు నా కొలత ఎవరికీ అక్కర్లేదు. హాయిగా ఉంది.