పోచన్న సంతోషం

గోనెసంచి పూర్తిగా తడిసేదాకా పోచన్న రబ్బరు పైపును దాని మీదే పట్టుకుని నిలబడ్డాడు. మొన్న పోసిన స్లాబు మీద పరచిన సంచులు తెల్లారేసరికి ఎండిపోయి, అంచులు పైకి లేచి, చేప పొలుసుల్లా వంకర తిరిగాయి. ఒక్కోదాన్నీ నీళ్ళతో తడిపి, మడమతో అణిచి, మళ్ళీ కాంక్రీటుకు అతికిస్తూ ముందుకు పోయాడు. సంచులు ఎండితే స్లాబు పగులుతుంది. పగిలితే పోసినవాళ్ళను ఎవరూ అడగరు, నీళ్ళు పట్టేవాణ్ణే అడుగుతారు. మస్కట్‌కు ఉత్తరాన షినాస్‌లో లేస్తున్న ఆ బడి భవనానికి వడ్రంగులు ఉన్నారు, కడ్డీలు కట్టేవాళ్ళు ఉన్నారు. నీళ్ళు పట్టేవాడు ఒక్కడే.

కువైట్ యుద్ధం ముగిసిన మరుసటి వేసవి అది. సముద్రం దగ్గరే ఉన్నా గాలి ఆడటం లేదు. ఎండుచేపల వాసన మాత్రం వస్తోంది.

పోచన్న పొట్టి మనిషి, నలభై దాటాయి. పాదాలు ఎప్పుడూ తడిలో నాని తెల్లగా ముడతలు పడి ఉంటాయి. మోకాళ్ళ పైనుంచి ఒళ్ళంతా ఎండకు కమిలి నల్లబడింది. ఇద్దరు మనుషుల్ని మోకాళ్ళ దగ్గర అతికించినట్టుంటాడు. ముందు పన్ను ఒకటి లేదు. నవ్వితే అక్కడ చిన్న చీకటి కనిపిస్తుంది. ఆ నవ్వంటే రూములో అందరికీ ఒళ్ళు మంట.

దాన్ని అతనికి నేర్పింది గుణపాల అనే సింహళ వడ్రంగి. మొదటి ఏడాది మస్కట్ దగ్గర అల్ మవాలేలో ఇద్దరూ ఒకే రూములో ఉండేవారు. ఊపిరి లోపలికి వస్తుంటే వస్తోందని, బయటికి పోతుంటే పోతోందని చూస్తూ కూర్చోవడం ముందు నేర్పాడు. తర్వాత వచ్చీరాని హిందీలో, బుద్ధుడు చెప్పాడంటూ ఇంకొకటి చెప్పాడు. "నీ దగ్గర సంతోషం లేకపోతే పక్కవాడిది చూసి సంతోషపడు. వాడి దీపం వెలుగు నీ గుమ్మం మీద పడితే వద్దనేవాడెవడు?" పోచన్నకు ఇది దొరకని దొంగతనంలా తోచి నవ్వొచ్చింది. బతుకులో మొదటిసారి తనకు ఏదో ఉచితంగా దొరికిందనుకున్నాడు.

గుణపాల తన దేశం వెళ్ళిపోయాక కూడా పోచన్న వదల్లేదు. ఎవరికి ఇంటి నుంచి మాటలు నింపిన క్యాసెట్ వచ్చినా, ఎవరికి ఇంటికి పోవడానికి ఛుట్టీ దొరికినా, దగ్గరికి వెళ్ళి ఆ ముఖాన్ని చూసేవాడు. చలిమంట దగ్గర చేతులు చాపినట్టు చూసేవాడు.

పోయిన ఏడు, తల్లి చనిపోయిందని అతనికి టెలిగ్రామ్ వచ్చింది. కంపెనీ ఛుట్టీ ఇవ్వలేదు. ఒక్కడే కొడుకు, అయినా తలకొరివి పాలివాళ్ళు పెట్టారు. సరిగ్గా అదే రోజు కడ్డీలు కట్టే ఓంకార్‌కు కొడుకు పుట్టిన కబురు వచ్చింది. పోచన్న గోడ వైపు తిరిగి కాసేపు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి వచ్చి ఓంకార్ పెట్టెలోంచి మిఠాయి తీసుకుని తిన్నాడు. "పిలగాడు ఎవల పోలిక?" అని నవ్వుతూ అడిగాడు.

ఓంకార్‌కు ఆ రోజు నుంచి అతనంటే అసహ్యం పుట్టింది. ఏడ్చేవాణ్ణి ఓదార్చవచ్చు. తిట్టేవాడితో కలిసి తిట్టవచ్చు. రెండింటికీ సందు ఇవ్వని మనిషి పక్కన పడుకుంటే, తన కొడుకు పుట్టిన సంతోషాన్ని ఎవడో నాకి పెట్టినట్టనిపించింది. పోచన్నకు ఎగతాళిగా సామి అని పేరు పెట్టాడు. సామి ముఖం మీది ఆ నవ్వును ఎప్పటికైనా పగలగొడతానని రూములో పందెం కాశాడు. ఓడినవాడు శుక్రవారం కోడి తేవాలి.

ఇప్పుడు తల్లి సంవత్సరీకం, అతని మాటలో అవ్వ సాలు, దగ్గర పడింది. దానికైనా పంపమని పోచన్న ఫోర్‌మన్ నిసార్ అహ్మద్‌ను అడిగాడు. తల్లి పోయినప్పుడు తప్ప నాలుగేళ్ళలో అతను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. కంపెనీ కాగితాల పనులు చూసే మందూబ్ ఆ పొద్దున మస్కట్ నుంచి జవాబు తెచ్చాడని సైట్‌లో అందరికీ తెలిసింది. మేడ మీద నీళ్ళు పడుతున్న పోచన్నకు తప్ప.

అన్నాల వేళకు కాస్త ముందు భూమేశ్ మెట్లెక్కి వచ్చాడు. పోచన్న అక్క కొడుకు. వెనక ఓంకార్, ఇంకో ఇద్దరు.

"మామా! ఓ మామా! నీ ఛుట్టీ పాసైంది!"

పోచన్న పైపు నోరు బొటనవేలితో మూశాడు. "ఎవలన్నరు?"

"నిసార్ సాబే అన్నడు. మస్కట్ల సంతకం గూడ అయిందట."

"బట్టలు సదురుకో సామీ," అన్నాడు ఓంకార్. "బుధవారం ఇమానం."

పైపు జారి సంచుల మీద పాములా కొట్టుకుంది. పోచన్న వచ్చి భూమేశ్ మణికట్లు రెండూ పట్టుకున్నాడు. మోకాళ్ళు వణుకుతున్నాయని అతనికి తెలుస్తోంది. ఇన్నేళ్ళలో ఎవరి సంతోషాన్ని చూసి సంతోషపడినా మోకాళ్ళు ఎన్నడూ వణకలేదు.

"అవ్వ సాలుకు అందుతనా, అల్లుడా? అందుతనా?"

భూమేశ్ పక్కకు చూశాడు. ఓంకార్ చేతులు చరిచాడు.

"చూసిన్రా? నే చెప్పలే? సామి గూడ మనిషే! కోడి నాదే!"

"ఉత్తగనే అన్నం మామా," అన్నాడు భూమేశ్, నవ్వు ఆపుకోలేక. "నవ్వులాటకు."

"స్లాబులు అయినదాక ఎవలకు ఛుట్టీ లేదట," ఓంకార్ కళ్ళు తుడుచుకున్నాడు. "మందూబ్ పొద్దుగాలనే చెప్పి పోయిండు. ఇగ నవ్వు సామీ. మేం గింత కుషీగున్నం గద, మమ్ముల జూసి నవ్వు!"

పోచన్న చేతులు ఇంకా మణికట్ల మీదే ఉన్నాయి. ఒక్కో వేలూ విడదీసుకున్నాడు. నలుగురి ముఖాలూ వరసగా చూశాడు. నవ్వు వచ్చింది, కొంచెం ఆలస్యంగా.

"మంచిగ నవ్విన్రు," అన్నాడు. "నవ్వున్రి."

వాళ్ళు అన్నానికి దిగిపోయారు. అతను రోజూ కూర్చునే స్తంభం దగ్గరికి వెళ్ళి, వీపు ఆనించి, బాసింపట్టు వేశాడు. ఆ గంటసేపు సామిని ఎవరూ కదిలించకూడదని సైట్‌లో ఒక కట్టడి ఉంది. ఒకసారి ఎవరో తట్టి లేపితే లేచి చల్లగా నవ్వాడు. ఆ నవ్వు చూడటం ఇష్టంలేక పెట్టుకున్న కట్టడి.

ఊపిరి వస్తోంది. పోతోంది. వాళ్ళు నవ్వుతున్నారు. అది వాళ్ళ సంతోషం. దాన్ని తీసుకోవాలి. చేయి చాపాడు. చలిమంట దగ్గరికి చాపినట్టే చాపాడు. ఏమీ తగల్లేదు. మళ్ళీ చాపాడు. తన మోకాళ్ళ వణుకే కనిపించింది. ఇన్నేళ్ళూ రుచి చూసినవన్నీ ఒకవైపు, ఆ కాసేపటి వణుకు ఒకవైపు. అది తనది. దాన్ని ఎవరి దగ్గరా తీసుకోలేదు.

స్తంభం నీడ పక్కకు పోయింది. రోజూ అయితే కళ్ళు తెరవకుండానే నీడతోపాటు జరిగేవాడు. వేడి ముందు భుజాన్ని, తర్వాత చెంపను పట్టుకుంది. జరగాలంటే ఏదో ఒకటి కోరుకోవాలి. ఊపిరి వస్తోంది. నాలుక అంగిలికి అంటుకుంది. చెమట ఆగిపోయింది. దూరంగా ఎవరో మేకు కొడుతున్నారు.

కింద పని మళ్ళీ మొదలైంది. ఇటుకలు ఎక్కించేవాళ్ళు అతని పక్కనుంచే అటూ ఇటూ నడిచారు.

"సామి ఇంక లేవలేదేందిరా?"

"అలిగిండు. ఉండనియ్."

ఒకడు తట్ట దించి, అతని ముందు చేతులు జోడించి దండం పెట్టాడు. అందరూ నవ్వారు.

సాయంత్రం కావస్తుండగా నిసార్ అహ్మద్ కింది నుంచి ఎండిన సంచులు చూసి అరిచాడు. "అరే, పానీ కౌన్ మారేగా? నీళ్ళెవడు పడతడు? ఆ బుడ్డోణ్ణి లేపుండ్రి!"

లేపడానికి భూమేశ్ వచ్చాడు. "మామా, లే. తప్పయింది, లే." భుజం మీద చేయి వేసి వెంటనే వెనక్కి తీసుకున్నాడు. చర్మం ఎండలో పెట్టిన రేకులా కాలుతోంది. మనిషి స్తంభాన్ని ఒరుసుకుంటూ, బాసింపట్టు విడవకుండానే పక్కకు ఒరిగాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఓంకార్, మిగతా ఇద్దరూ పరుగెత్తుకొచ్చాక, అది నవ్వా కాదా అని నలుగురూ వంగి చూశారు.

స్లాబు కూడా పగిలింది. పోచన్నను ఉంచిన పెట్టె మస్కట్ నుంచి విమానం ఎక్కేసరికి సంవత్సరీకం దాటిపోయింది.

పోచన్న పడుకున్న మంచం కిటికీ పక్కది, కూలర్ గాలి నేరుగా తగిలేది. దానికోసం రూములో ఇద్దరు గొడవపడ్డారు. మేనల్లుడి హక్కంటూ చివరికి భూమేశ్‌కే వచ్చింది. ఆ రాత్రి పడుకోబోతూ పోచన్న దిండు దులిపి తిరగేశాడు. గోడ వైపు ఉండే మూల అట్టలా గట్టిగా తగిలింది. దీపం దగ్గరికి పట్టుకు చూశాడు. ఆ మూలంతా ఎన్నో రాత్రులు నమిలి నమిలి దారాలు లేచి ఉంది. ఎండి బిగుసుకుపోయిన గుడ్డలో పళ్ళ గుర్తులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. వాటి మధ్య, ముందు పన్ను లేనిచోట, గుడ్డ మెత్తగా, కొత్తగా ఉంది.