ఎడమ బూటు లేసు

పరుగెడుతున్నాను. ఎప్పుడు బయలుదేరానో, ఎవరు ఈల వేశారో తెలియదు. కాలేజీ మైదానమని నేననుకుంటున్న ఈ వలయం ఒక మలుపులో మా తెలుగు శాఖ వరండాగా మారి, మరో మలుపులో రైల్వే ప్లాట్‌ఫారంగా సాగి, మళ్లీ ఎర్రమట్టి మైదానంగానే వచ్చి నా కాళ్ల కిందికి చేరుతోంది. గట్టున నిలబడి ఎవరో నా బిరుదావళి చదువుతున్నారు: యాభై రెండో ఏట పరుగు ప్రారంభించిన ధీరుడు, మొదటి నెలలో అర చుట్టుకే గోల్‌పోస్టును కౌగిలించుకొని రొప్పిన వీరుడు, ఏడాదిన్నరలో పది కిలోమీటర్లను గంటా నాలుగు నిమిషాలకు దించిన విజేత, నిన్ననే వాకర్స్ క్లబ్బు వారిచేత శాలువా కప్పించుకున్న ఘనుడు. పాతికేళ్లు చక్రవర్తుల దిగ్విజయాలను పాఠం చెప్పినవాణ్ణి కనుక ఇందులో ఒక్క విశేషణమైనా నాకు అతిశయోక్తిగా తోచదు.

నీళ్ల ట్యాంకు నీడలో సిమెంటు బెంచీ మీద పైడిరాజు కూర్చొని ఉన్నాడు. ఆయన చనిపోయి ఏడాదిన్నర అయిందన్న సంగతి నాకు కలలోనూ గుర్తుంది, అయినా అది ఆయన అక్కడ కూర్చోవడానికి అడ్డంకిగా కనిపించదు. కరెంటు లైన్‌మన్‌గా పనిచేసే రోజుల్లో స్తంభం మీదినుంచి పడి బిగుసుకుపోయిన ఎడమ కాలిని ఎప్పటిలాగే ముందుకు చాపుకొని ఉన్నాడు. ఆ పాదానికి కూతురు కొనిచ్చిన తెల్లబూటు. దాని లేసు ఊడి మట్టిలో పడి ఉంది.

"మాస్టారూ, ఓపాలి ఆగండి. లేసు ఊడిపోనాది."

ఆగాలనే అనుకుంటాను. కలల్లో కాళ్లు కదలక మొరాయిస్తాయని అందరూ చెబుతారు. నా కాళ్లు మాత్రం ఏడాదిన్నర కఠోర శిక్షణ పొందినవి, అవి ఆగడం మరచిపోయాయి. బెంచీ వెనక్కి జారిపోతుంది.

ఆ రోజూ ఆయన ఇదే మాట అన్నాడు. వంగని మోకాలికి లేసు అందదు కనుక ఆరేళ్లపాటు ప్రతి ఉదయం నేనే ఆయన ముందు కూర్చొని ముడివేసేవాణ్ణి. మాస్టారి పాదపూజ మొదలైందని క్లబ్బువాళ్లు నవ్వేవారు, మేమిద్దరం వాళ్లకంటే ఎక్కువ నవ్వేవాళ్లం. ఆ రోజు మాత్రం క్లబ్బు నడక పోటీకి సాధన చేస్తూ, గడియారంలో పదకొండు సెకన్లు కలిసివస్తున్న మహోత్సాహంలో, ఈ చుట్టు పూర్తిచేసి వస్తానని చెప్పి సాగిపోయాను. మైదానం అవతలి కొసకు చేరేసరికి బెంచీ చుట్టూ జనం. బాల్యం తర్వాత మొదటిసారి పరుగెత్తాను. ఆ రెండు వందల మీటర్లలో రెండుసార్లు నిలబడిపోయాను. చేరేసరికి గుండె ఆగి అంతా అయిపోయింది, లేసు ఊడే ఉంది. నా మహాప్రస్థానానికి మూలం అదీ. ఆరోగ్యం కోసమని ఊరికి చెప్పుకున్నాను.

మళ్లీ బెంచీ వస్తుంది. ఆ అవతలి కొస నుంచి ఇప్పుడైతే ఎంతసేపట్లో వస్తానని ఆయన అడుగుతాడు. నలభై ఎనిమిది సెకన్లని గర్వం దాచుకోలేక చెబుతాను. అప్పుడు మూడు నిమిషాలకు పైమాటే అని కూడా చెబుతాను, తేడా ఆయనకు తెలియాలి కదా.

"బాగా దించినారు," అంటాడు పైడిరాజు, ఆ కాలును చూసుకుంటూ. "ఎవుల కోసమండి?"

జవాబు వెతికేలోగా బెంచీ దాటి ప్లాట్‌ఫారం వచ్చేస్తుంది. నేను మెరుగుపడుతున్న కొద్దీ బెంచీ త్వరగా వస్తోంది, అంతే త్వరగా పోతోంది. చుట్టుకొక మాట చొప్పున నడుస్తున్న మా సంభాషణకు నా వేగమే శత్రువు. ఆయన సంతాపసభలో రెండు నిమిషాల మౌనాన్ని, క్లబ్బు కార్యదర్శి హోదాలో గడియారం పట్టుకొని నిలబడ్డ నేను, నలభై సెకన్లకే ముగించిన సంగతి కూడా ఒప్పుకుంటాను. ఆయన కోప్పడడు.

"పోనీలెండి. నలబై సెకన్లయినా ఆగినారు."

గట్టున బిరుదావళి ఆగిపోయింది. చదివేవారు లేరు, వినేవారు లేరు, వరండాలో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. ఏడాదిన్నరగా ప్రతి ఉదయం ఐదు కిలోమీటర్లు మోసుకు తిరిగిన ప్రశ్నను చివరికి బెంచీ ముందు పారేస్తాను. "పైడిరాజూ, ఆ రోజు నేను ఆగి ఉంటే నువ్వు బతికేవాడివా?"

జవాబు కోసం మొత్తం చుట్టు తిరిగి రావాలి. వస్తాను.

"అది నాకేటి తెలుస్తాది?"

ఇంకో చుట్టు. ఊపిరి అందడం లేదు, అయినా వేగం పెరుగుతూనే ఉంది.

"మీరు వొంగి ముడేస్తుంటే, మీ బట్టతల చూస్తూ పోదును. అంతే మాస్టారూ."

అంతే. నేను బ్రహ్మాండంగా ఊహించుకున్న నేరం ఇంత చిన్నది. దానికి ప్రాయశ్చిత్తంగా నేను చేసిన సాధన ఇంత పెద్దది. రెండింటికీ ఎక్కడా సంబంధం లేదు. వచ్చే చుట్టులో, ఆగలేకపోయినా సరే, పరుగులోనే వంగుతాను. రెండు చేతులూ నేలకు చాపుతాను. లేసు కొసలు వేళ్లకు అందుతాయి, లూపు మీద లూపు వేసి ప్రాణం పెట్టి బిగిస్తాను, పాదం ఎక్కడుందో చూద్దామని తలెత్తుతాను.

కిటికీలో తెల్లవారుతోంది. చలిగా ఉందని నిన్న సన్మానంలో ఇచ్చిన శాలువానే కప్పుకొని పడుకున్నాను. వేళ్లు నొప్పిగా ఉన్నాయి. మా ఆవిడ భానుమతి శాలువా మడతపెట్టబోయి, అంచు దగ్గర ఆగింది. కుచ్చుల్లో రెండింటిని కలిపి ఎవరో లూపు మీద లూపు వేసి బిగించారు. కాసేపు గోటితో ప్రయత్నించింది. రాలేదు. అలాగే మడతపెట్టి బీరువాలో పెట్టేసింది.